వ్యాకోచం వెనుక ఉన్న వేడి లెక్క: ఘనపదార్థాల్లో ఉష్ణధారణకూ సాగుదలకూ ఉన్న లంకె

పాఠ్యపుస్తకాల్లో ఘనపదార్థాల వ్యాకోచం ఒక అధ్యాయం, విశిష్టోష్ణం మరో అధ్యాయం. మొదటిదాంట్లో బండి చక్రానికి కాల్చి ఎక్కించే ఇనుప కట్టు, వంతెనల మీద వదిలే సందులు వస్తాయి. రెండోదాంట్లో కెలోరీమీటరు, వేడినీళ్లలో వేసిన లోహపు ముక్క, మిశ్రమ పద్ధతి లెక్కలు వస్తాయి. రెండింటిలోనూ విషయం వేడే అయినా, ఒకదాని పట్టికను మరొకదాని పట్టిక పక్కన పెట్టి చూడమని విద్యార్థికి చెప్పడం అరుదు. అలా చూసినప్పుడు బయటపడే సంగతి మాత్రం చిన్నది కాదు. ఒక ఘనపదార్థం ఎంత సాగుతుందన్నది దాని ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరిగిందన్న దానికంటే, అది ఎన్ని జౌళ్ల వేడిని తనలో ఇముడ్చుకుందన్న దానితోనే నేరుగా ముడిపడి ఉంటుంది. ఉష్ణోగ్రత ఈ వ్యవహారంలో మధ్యవర్తి మాత్రమే.

పట్టికలను పక్కపక్కన పెట్టగానే మొదట ఎదురయ్యేది నిరాశే. గ్రాము అల్యూమినియాన్ని ఒక డిగ్రీ వేడి చేయడానికి 0.90 జౌళ్లు కావాలి. గ్రాము సీసానికి 0.13 జౌళ్లు చాలు. సీసం విశిష్టోష్ణం అల్యూమినియం విశిష్టోష్ణంలో ఏడో వంతు అన్నమాట. వ్యాకోచం దగ్గరికి వస్తే, డిగ్రీ వేడికి మీటరు అల్యూమినియం కడ్డీ 23 మైక్రోమీటర్లు సాగుతుంటే మీటరు సీసపు కడ్డీ 29 మైక్రోమీటర్లు సాగుతుంది. తక్కువ వేడి పుచ్చుకునే లోహమే ఎక్కువ సాగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి, ఈ రెండు గుణాలకూ పొంతన లేదని అక్కడితో వదిలేసేవారు చాలామంది. ఇక్కడ పొరపాటు గ్రాముల్లో లెక్కపెట్టడంలో ఉంది. వేడిని దాచుకునేవి పరమాణువులు. సీసపు పరమాణువు అల్యూమినియం పరమాణువుకు ఏడున్నర రెట్లకు పైగా బరువు కాబట్టి గ్రాము సీసంలో పరమాణువులు ఆ మేరకు తక్కువగా ఉంటాయి. అదే మోల్ చొప్పున, అంటే ఒకే సంఖ్యలో పరమాణువులు ఉండేలా తీసుకుని చూస్తే అల్యూమినియం 24.2 జౌళ్లు, సీసం 26.6 జౌళ్లు తీసుకుంటాయి. ఏ ఘన మూలకమైనా మోల్‌కు, డిగ్రీకి దాదాపు 25 జౌళ్లే తీసుకుంటుందని 1819లో డ్యూలాంగ్, పెటిట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు గుర్తించింది ఈ సంగతినే.

వ్యాకోచం అనేది ఘనపరిమాణానికి సంబంధించిన మార్పు. అందువల్ల దానితో పోల్చదగింది ఘనమీటరు పదార్థం డిగ్రీకి తీసుకునే వేడి. ఈ కొలతలో ఇనుముకు 36 లక్షల జౌళ్లు, రాగికి 34 లక్షలకు పైన, అల్యూమినియానికి 24 లక్షలు, గ్రానైట్‌కు, కాంక్రీటుకు, గాజుకు 20 లక్షలకు అటుఇటు, సీసానికి 15 లక్షలకు కొంచెం తక్కువ వస్తాయి. గ్రాముల లెక్కలో ఏడు రెట్ల దాకా కనిపించిన తేడాలు ఘనమీటరు లెక్కకు వచ్చేసరికి రెండు, రెండున్నర రెట్లకు కుదించుకుపోతున్నాయి. పరమాణువుల సైజుల్లో పెద్ద తేడా లేకపోవడం వల్ల ఒకే చోటులో ఇమిడే పరమాణువుల సంఖ్యా పెద్దగా మారదు. అందుకే ఈ అంకెలన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. వ్యాకోచ గుణకాలు మాత్రం టంగ్‌స్టన్ నుంచి సీసం దాకా ఆరు రెట్లకు పైగా మారుతున్నాయంటే, వేడికీ వ్యాకోచానికీ మధ్యలో ఇంకేదో ఉండాలి. అది తెలియాలంటే పరమాణువులు అసలు ఎందుకు ఎడం అవుతాయో చూడాలి.

వేడెక్కితే పరమాణువులు ఎక్కువగా కంపిస్తాయి, కాబట్టి ఎక్కువ చోటు కావాలి అన్న వివరణ తరచుగా వినిపిస్తుంది. అది సగం నిజమే. కంపనం ఎంత పెరిగినా అది మధ్యస్థానానికి రెండు వైపులా సమానంగా జరుగుతుంటే సగటు దూరం మారదు, వ్యాకోచమే ఉండదు. అసలు కిటుకు రెండు వైపులూ సమానంగా లేకపోవడంలో ఉంది. పక్కపక్కన ఉన్న రెండు పరమాణువులను దగ్గరికి నొక్కితే అవి ఎంతో గట్టిగా ఎదురు తిరుగుతాయి. దూరంగా లాగితే అంత గట్టిగా పట్టుకోవు. కంభం చెరువు లాంటి ఒక పెద్ద చెరువును ఊహించుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. ఒకవైపు కట్ట నిటారుగా ఉంటుంది, ఎదుటివైపు నేల మెల్లగా ఏటవాలుగా పైకి పోతుంది. నీటిమట్టం పెరిగేకొద్దీ కట్ట వైపు నీటి అంచు ఉన్నచోటే ఉన్నట్టుంటుంది, ఎదుటివైపు మాత్రం నీళ్లు చేల మీదికి బాగా పాకుతాయి. అంటే నీటి విస్తీర్ణపు మధ్యబిందువు కట్ట నుంచి దూరంగా జరుగుతుంది. పరమాణువుల జంటకు చెరువు గుంట స్థానంలో స్థితిజ శక్తి వక్రం ఉంటుంది, నీటిమట్టం స్థానంలో కంపన శక్తి ఉంటుంది, మధ్యబిందువు స్థానంలో పరమాణువుల సగటు దూరం ఉంటుంది. ఆ సగటు దూరం పెరగడమే వ్యాకోచం.

ఈ పోలికలో గమనించవలసింది మధ్యబిందువు ఎంత జరిగిందో నిర్ణయించేది నీటిమట్టమే అన్న సంగతి. పరమాణువుల విషయంలోనూ సగటు దూరంలో వచ్చే మార్పు కంపన శక్తికి అనులోమంగా ఉంటుంది. ఆ శక్తి ఏ ఉష్ణోగ్రత దగ్గర సమకూరిందన్నది వేరే ప్రశ్న. దీన్నే సూత్రంగా రాస్తే, ఒక వస్తువు ఘనపరిమాణంలో వచ్చే పెరుగుదల, అది తీసుకున్న ఉష్ణశక్తిని గామా అనే ఒక సంఖ్యతో గుణించి, ఆ పదార్థపు ఆయత గుణకంతో భాగిస్తే వచ్చే విలువకు సమానం. ఆయత గుణకం అంటే నలువైపుల నుంచీ నొక్కినప్పుడు పదార్థం చూపే బిగువు. గామా అనేది పరమాణు బంధాల్లోని అసమానతకు కొలమానం. జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ గ్రూనైసన్ పేరుమీద దాన్ని గ్రూనైసన్ పరామితి అంటారు. ఒక లోహపు వ్యాకోచ గుణకానికీ విశిష్టోష్ణానికీ గల నిష్పత్తి ఉష్ణోగ్రతతో దాదాపు మారదని ఆయన 1908లో చూపించారు. 1912లో దానికి సిద్ధాంత రూపం ఇచ్చారు. సూత్రంలో ఉష్ణోగ్రత ఎక్కడా కనపడకపోవడం మొదటిసారి చూసేవారికి వింతగా తోచవచ్చు.

దీన్ని ఒక లెక్కతో పరీక్షించి చూడవచ్చు. చీరాల, ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా పోయే విజయవాడ–చెన్నై మార్గంలో ఒక కిలోమీటరు పొడవు పట్టాను, ఒక్క వరుసను మాత్రమే, తీసుకుందాం. మీటరుకు 60 కిలోల బరువుండే రకమైతే మొత్తం 60 టన్నుల ఉక్కు, ఘనపరిమాణం దాదాపు 7.7 ఘనమీటర్లు. రోహిణి కార్తెలో తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం రెండు, మూడు గంటల వరకు గాలి కంటే పట్టా మరింతగా కాలుతుంది. లెక్క సులువు కోసం చలికాలపు తెల్లవారుజాముకూ ఎండాకాలపు మధ్యాహ్నానికీ మధ్య పట్టా ఉష్ణోగ్రతలో 40 డిగ్రీల తేడా అనుకుంటే, ఆ ఉక్కు లోపలికి చేరే వేడి 110 కోట్ల జౌళ్లు, అంటే మూడు వందల యూనిట్ల పైచిలుకు కరెంటుతో సమానం. ఉక్కు గామా దాదాపు 1.6, ఆయత గుణకం 166 గిగాపాస్కల్. గుణించి, భాగిస్తే ఘనపరిమాణంలో పెరుగుదల దాదాపు 10.6 లీటర్లు అని తేలుతుంది. మామూలు పద్ధతిలో, దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి పదిలక్షల్లో 11.5 వంతులు అని తీసుకుని, దాన్ని మూడు రెట్లు చేసి, 40 డిగ్రీలతోనూ 7.7 ఘనమీటర్లతోనూ గుణించినా అదే 10.6 లీటర్లు వస్తుంది. ఈ రెండో దారిలో వేడి ప్రస్తావన లేదు, మొదటి దారి సూత్రంలో డిగ్రీల ప్రస్తావన లేదు. గామా విలువను కొలిచిన గుణకాల నుంచే రాబడతారు కాబట్టి రెండు జవాబులూ కలవడంలో ఆశ్చర్యం లేదు. ఆలోచించవలసింది దీని వెనుక ఉన్న మరో సంగతి: అవే 110 కోట్ల జౌళ్లను కిలోమీటరు పట్టాకు కాక అరకిలోమీటరు పట్టాకే అందించామనుకుంటే, ఉష్ణోగ్రత 80 డిగ్రీలు పెరుగుతుంది, ఘనపరిమాణపు పెరుగుదల మాత్రం మళ్లీ అదే పది లీటర్ల చిల్లర. అన్ని జౌళ్లకు అంత చోటు అన్న నియమం ఉక్కు ఎంత ఉన్నదీ పట్టించుకోదు.

స్వేచ్ఛగా వదిలేస్తే ఆ కిలోమీటరు పట్టా పొడవు 46 సెంటీమీటర్లు పెరగాలి. ఇప్పటి పట్టాలను కిలోమీటర్ల కొద్దీ వెల్డింగు చేసి స్లీపర్లకు బిగించేస్తారు కాబట్టి పెరగడానికి దారి ఉండదు. ఆ సాగుదల అంతా పట్టా లోపల ఒత్తిడిగా నిలుస్తుంది. ఒక డిగ్రీకి ఒక్కో పట్టాలో పుట్టే బలం 1.8 టన్నులకు దగ్గర, 20 డిగ్రీలకు 36 టన్నులు. పట్టాను మధ్యరకపు ఉష్ణోగ్రత దగ్గర బిగించే డీస్ట్రెస్సింగ్ పని, ఎండాకాలంలో మధ్యాహ్నపు గస్తీ, కంకరను పక్కలకు ఎత్తుగా పోసి ఉంచడం, ఇవన్నీ ఈ బలాన్ని అదుపులో పెట్టడానికే. సూత్రంలోని ఆయత గుణకం హారంలో ఉండటానికి అర్థం ఇక్కడ కనిపిస్తుంది. బిగువైన పదార్థం తక్కువ సాగుతుంది, కానీ సాగనివ్వకపోతే బిగువుకు తగ్గట్టే ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. సాగకుండా పూర్తిగా కట్టిపడేసిన ఘనపదార్థంలో పుట్టే పీడనం, ఘనమీటరులో చేరిన వేడిని గామాతో గుణిస్తే వచ్చేదే. అక్కడ బిగువుతోనూ పని లేదు. గ్రూనైసన్ సూత్రానికి ఇంతకంటే సూటి రూపం లేదు.

ఒక కిలోజౌల్ వేడి ఇస్తే ఏ పదార్థం ఎన్ని ఘనమిల్లీమీటర్లు పెరుగుతుందో చూస్తే పదార్థాల స్వభావం బాగా తెలుస్తుంది. సీసం దాదాపు 60, అల్యూమినియం 29, రాగి 14, ఇనుము 10 లోపు, టంగ్‌స్టన్ 5, వజ్రం 2 కూడా కాదు. ఈ లోహాల గామాలు 1.6 నుంచి 2.7 మధ్యలోనే ఉన్నాయి కాబట్టి ఈ తేడాలో అధిక భాగం బిగువు నుంచే వచ్చింది: సీసపు ఆయత గుణకం 45 గిగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటే టంగ్‌స్టన్‌ది 310. బంధాలు బలంగా ఉన్నచోట బిగువూ ఎక్కువ, కరిగే ఉష్ణోగ్రతా ఎక్కువ. అందుకే లోహాల వ్యాకోచ గుణకాన్ని వాటి ద్రవీభవన ఉష్ణోగ్రతతో గుణిస్తే దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గరి గుణకాన్నే తీసుకున్నా, 600 కెల్విన్ (మైనస్ 273 డిగ్రీల సెల్సియస్ అయిన పరమ శూన్యం నుంచి లెక్కించే డిగ్రీలు) దగ్గర కరిగే సీసానికీ 3,695 కెల్విన్ దాకా కరగని టంగ్‌స్టన్‌కూ ఈ లబ్ధం నూటికి 1.7 వంతులే, రాగికీ అల్యూమినియానికీ రెండుకు కొద్దిగా పైన. ఎంత గట్టి లోహమైనా పొడవులో సుమారు రెండు శాతం సాగేటంత వేడిని తీసుకునేసరికి దాని స్ఫటిక నిర్మాణం నిలబడలేకపోతోందని దీని అర్థం.

డ్యూలాంగ్, పెటిట్ నియమానికి మొదటి నుంచీ తలనొప్పిగా ఉన్నది వజ్రం. గది ఉష్ణోగ్రత దగ్గర మోల్ వజ్రం డిగ్రీకి 6.1 జౌళ్లే తీసుకుంటుంది, అంటే నియమం చెప్పిన దానిలో నాలుగో వంతు. భౌతికశాస్త్రవేత్త హైన్రిక్ వెబర్ 1875లో వజ్రపు విశిష్టోష్ణాన్ని చాలా ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, వేడిచేసేకొద్దీ అది పెరుగుతూ 25 వైపు పోతుందని చూపించాడు. ఆ కొలతలనే ఐన్‌స్టీన్ 1907లో తన కొత్త సిద్ధాంతానికి పరీక్షగా వాడుకున్నాడు. పరమాణు కంపనాలు శక్తిని ఇష్టమొచ్చినంత చిన్న మోతాదుల్లో తీసుకోలేవు. బిగువైన బంధం, తేలికైన పరమాణువు ఉన్నచోట కంపనం వేగంగా ఉంటుంది, దానికి కావలసిన శక్తి మోతాదు పెద్దది, గది ఉష్ణోగ్రత ఆ మోతాదును అందించలేదు. కాబట్టి వజ్రంలో చాలా కంపనాలు నిద్రాణంగానే ఉండిపోతాయి. 1912లో పీటర్ డిబై ఈ సిద్ధాంతాన్ని సరిదిద్దిన తర్వాత, ఏ పదార్థం ఏ ఉష్ణోగ్రత దగ్గర పూర్తిగా మేల్కొంటుందో చెప్పే డిబై ఉష్ణోగ్రత వాడుకలోకి వచ్చింది. సీసానికి అది 100 కెల్విన్ దరిదాపుల్లో, రాగికి 343, వజ్రానికి 2,200కు దగ్గర.

వజ్రపు వ్యాకోచం అతి తక్కువ అన్నది అందరికీ తెలిసిందే. డిగ్రీకి పదిలక్షల్లో ఒక వంతు మాత్రమే. అందుకు దాని బిగువు ఒక్కటే కారణమని చెబితే సరిపోదు. వజ్రం సాగకపోవడానికి సగం కారణం అది వేడిని తీసుకోకపోవడం. ఉష్ణోగ్రత 1,000 కెల్విన్ దగ్గరికి వచ్చేసరికి దాని ఉష్ణధారణ మూడు రెట్లకు పైగా పెరుగుతుంది, వ్యాకోచ గుణకమూ నాలుగు రెట్లకు అటుఇటుగా పెరుగుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల్లో గెలాక్సీ గ్రానైట్ బండలను కోసే తీగరంపాల పూసల్లో ఉన్నది ఈ వజ్రమే. పూసలోని లోహం, దానిలో పొదిగిన వజ్రపు రేణువు ఒకే వేడికి వేర్వేరుగా సాగుతాయి కాబట్టి, కోతకు నిరంతరం నీళ్లు పారించకపోతే పూస పాడవడానికి ఆ తేడా కూడా ఒక కారణమవుతుంది.

ఉష్ణధారణ, వ్యాకోచం రెండూ కలిసే నడుస్తాయనడానికి అన్నింటికంటే గట్టి రుజువు అతిశీతల ఉష్ణోగ్రతల దగ్గర దొరుకుతుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎగిరే జీఎస్ఎల్వీ రాకెట్ల క్రయోజెనిక్ దశలో ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 20 కెల్విన్ దగ్గర ఉంటుంది. అలాంటి చలిలో అల్యూమినియం ఏమవుతుందో చూద్దాం. గది ఉష్ణోగ్రత నుంచి అంత చలికి తెస్తే మీటరు అల్యూమినియం మొత్తంమీద 4.1 మిల్లీమీటర్లకు కొంచెం పైగా కుంచించుకుపోతుంది. అందులో 3.9 మిల్లీమీటర్లు ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత అయిన 77 కెల్విన్‌కు చేరేలోపే అయిపోతాయి. మిగిలిన 57 డిగ్రీల చల్లదనానికి దొరికేది పావు మిల్లీమీటరు లోపు. ఉష్ణోగ్రతే వ్యాకోచాన్ని నడిపిస్తుందనుకుంటే ఈ అంకెకు అర్థం లేదు, ఎందుకంటే 57 డిగ్రీలంటే మొత్తం చల్లదనంలో ఐదో వంతు. వేడి వైపు నుంచి చూస్తే అంతా సరిపోతుంది: గది ఉష్ణోగ్రత దగ్గర గ్రాము అల్యూమినియంలో ఉన్న ఉష్ణశక్తి దాదాపు 170 జౌళ్లు, 77 కెల్విన్ దగ్గర మిగిలేది అందులో సుమారు 5 శాతం. మిగిలిన కుంచింపు కూడా మొత్తంలో 5 శాతమే. కుంచించుకోవడానికి తీసివేయవలసిన వేడి లోపల మిగలలేదు కాబట్టే కుంచింపు ఆగిపోయింది.

రాగిలోనూ ఇదే వరుస. 77 కెల్విన్ దగ్గర దాని ఉష్ణధారణా, వ్యాకోచ గుణకమూ గది ఉష్ణోగ్రత విలువల్లో దాదాపు సగానికి వస్తాయి. 20 కెల్విన్ దగ్గర రెండూ నూటికి రెండు వంతుల చుట్టూ ఉంటాయి. ఇంకా కిందికి పోతే లోహాల్లో పరమాణు కంపనాల కంటే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు దాచుకున్న వేడే ప్రధానమవుతుంది, అప్పుడు వ్యాకోచాన్ని నిర్ణయించేదీ అవే. పరమ శూన్యం దగ్గర రెండు గుణాలూ శూన్యం కావాలని జర్మన్ శాస్త్రవేత్త నెర్న్‌స్ట్ ఉష్ణసిద్ధాంతం చెబుతుంది.

సంబంధం రెండో దిశలోనూ పనిచేస్తుంది. వ్యాకోచం కూడా ఉష్ణధారణను కొద్దిగా పెంచుతుంది. ఘనపరిమాణాన్ని కదలనివ్వకుండా వేడిచేస్తే పట్టే వేడి కంటే, స్వేచ్ఛగా సాగనిచ్చి వేడిచేస్తే పట్టే వేడి కొంచెం ఎక్కువ. రాగికి ఆ తేడా గది ఉష్ణోగ్రత దగ్గర 3 శాతం, సీసానికి 7 శాతం. సాగే వస్తువు చుట్టూ ఉన్న గాలిని నెట్టడానికి ఈ అదనపు వేడి ఖర్చవుతుందని కొన్ని గైడ్లు రాస్తుంటాయి. వాయువుల విషయంలో అది సరైనదే, ఘనపదార్థాల విషయంలో మాత్రం కాదు. గాలిని నెట్టే పని ఇక్కడ లెక్కలోకి రానంత స్వల్పం. ఆ వేడి అంతా పరమాణువులను ఒకదాని నుంచి ఒకటి ఎడం చేయడానికే పోతుంది.

ఇంతవరకు గామాను ఒక మామూలు సంఖ్యగా చూశాం. అది అంత మామూలుది కాదని చెప్పడానికి నెల్లూరు ప్రాంతపు నేలలోనే మంచి ఉదాహరణ ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా సైదాపురం వైపు తవ్వే తెల్లరాయి క్వార్ట్జ్ స్ఫటికం. చిల్లకూరు, కోట మండలాల్లోని సిలికా ఇసుకా రసాయనికంగా అదే, సిలికాన్ డయాక్సైడ్. స్వచ్ఛమైన ఇదే పదార్థాన్ని కరిగించి, స్ఫటికం కట్టకుండా చల్లార్చితే ఫ్యూజ్డ్ సిలికా అనే గాజు వస్తుంది. క్వార్ట్జ్‌కూ ఈ గాజుకూ విశిష్టోష్ణం దాదాపు ఒకటే, గ్రాముకు 0.74 జౌళ్లు. ఆయత గుణకాలు కూడా దాదాపు ఒకటే, 37 గిగాపాస్కల్ చుట్టూ. తీసుకునే వేడి ఒకటే, బిగువు ఒకటే, అయినా కిలోజౌల్ వేడికి క్వార్ట్జ్ 17 ఘనమిల్లీమీటర్లు పెరిగితే ఫ్యూజ్డ్ సిలికా ఒక్క ఘనమిల్లీమీటరే పెరుగుతుంది. మిగిలిన తేడా అంతా గామాలోనే ఉంది: క్వార్ట్జ్‌కు 0.65 దగ్గర, గాజుకు 0.03 దగ్గర. ఎర్రగా కాలిన ఫ్యూజ్డ్ సిలికా గొట్టాన్ని చన్నీళ్లలో ముంచినా పగలకపోవడానికి కారణం ఇదే.

ఒకే పరమాణువులు, ఒకే రకం బంధాలు ఉన్నా గామా ఇరవై రెట్లు ఎలా తగ్గిపోయింది? ఘనపదార్థంలో కంపనాలు ఒకే రకానివి కావు. ఒక్కో రకపు కంపనానికి ఒక్కో గామా ఉంటుంది, బయటికి కనిపించే గామా ఆ కంపనాలు దాచుకున్న వేడి నిష్పత్తిలో తీసిన సగటు. బంధం పొడవునా సాగిసాగి జరిగే కంపనం పరమాణువులను ఎడం చేస్తుంది. రెండు సిలికాన్‌ల మధ్యనున్న ఆక్సిజన్ అడ్డంగా ఊగితే మాత్రం, ఆ ఊపుకు తగ్గట్టు రెండు కొసలూ దగ్గరికి లాగబడతాయి. ఆ కంపనానికి గామా రుణాత్మకం. ఫ్యూజ్డ్ సిలికాలో నిర్మాణం వదులుగా ఉండి ఇలాంటి అడ్డ ఊపులకు వీలు ఎక్కువ కాబట్టి, సాగదీసే కంపనాలనూ దగ్గరికి లాగే కంపనాలనూ కలిపితే దాదాపు ఏమీ మిగలదు. వేడి అంతా లోపలే ఉంది, కానీ దాని ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

రుణాత్మక కంపనాలదే పైచేయి అయితే పదార్థం వేడికి కుంచించుకుపోతుంది. సిలికాన్ స్ఫటికం సుమారు 18 నుంచి 120 కెల్విన్ మధ్య ఇలాగే ప్రవర్తిస్తుంది, ఎందుకంటే ఆ చలిలో మేల్కొని ఉన్నవి తక్కువ శక్తి మోతాదు చాలే అడ్డ ఊపులే. జిర్కోనియం టంగ్‌స్టేట్ పరమ శూన్యం దాపుల నుంచి 1,050 కెల్విన్ దాకా వేడికి కుంచించుకుంటూనే ఉంటుంది. 36 శాతం నికెల్ కలిపిన ఇన్వార్ ఉక్కు సంగతి వేరు. షార్ల్ ఎడ్వార్ గీయోమ్ 1896లో కనుగొన్న ఈ మిశ్రమలోహంలో కంపనాలు కలిగించే వ్యాకోచాన్ని, వేడికి అయస్కాంతత్వం సడలడం వల్ల వచ్చే కుంచింపు దాదాపు సరిగ్గా రద్దు చేస్తుంది. ఆయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పరిశోధనలకే. ఇక్కడా వేడి తన వాటా తీసుకుంటూనే ఉంది, వ్యాకోచం మాత్రం కనపడటం లేదు. కాబట్టి వ్యాకోచం తక్కువ ఉన్న ప్రతి పదార్థమూ వేడిని తక్కువ తీసుకుంటుందని తిరగేసి చెప్పకూడదు. వజ్రానికి ఆ మాట చెల్లుతుంది, ఇన్వార్‌కూ ఫ్యూజ్డ్ సిలికాకూ చెల్లదు.

కట్టడాల్లో ఉష్ణధారణ ఇంకో పని కూడా చేస్తుంది, అది వ్యాకోచం ఎప్పుడు జరగాలో నిర్ణయించడం. ఉక్కుకూ కాంక్రీటుకూ వ్యాకోచ గుణకాలు దగ్గరగా, డిగ్రీకి పదిలక్షల్లో 10 నుంచి 12 వంతులుగా ఉండటం వల్లే కాంక్రీటులో ఇనుము పెట్టి కట్టడం సాధ్యమైంది. వేర్వేరు గామాలు, వేర్వేరు బిగువులు ఉన్న రెండు పదార్థాలకు ఇది అదృష్టవశాత్తూ కుదిరిన పొత్తు. అయితే మందపాటి శ్లాబులోకి వేడి మెల్లగా దిగుతుంది. నెల్లూరులో మే నెల సాయంత్రం గాలి చల్లబడ్డాక కూడా డాబా కింది గది ఉడికిపోతుండటం అందరికీ అనుభవమే. అదే శ్లాబుకు పగటిపూట పైపొరలో వేడి చేరి అడుగు పొరలో చేరకపోవడం వల్ల పైభాగం సాగాలని చూస్తే కింది భాగం అడ్డుపడుతుంది. పగుళ్లకు దారితీసేది మొత్తం వ్యాకోచం కంటే ఎక్కువగా ఈ అసమాన వ్యాకోచమే.

రాతిలో ఈ అసమానత రేణువు రేణువుకూ ఉంటుంది. క్వార్ట్జ్ స్ఫటికం నిలువునా డిగ్రీకి పదిలక్షల్లో 7, 8 వంతులు సాగితే అడ్డంగా 13, 14 వంతులు సాగుతుంది. క్వార్ట్జ్‌ను 573 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే దాని స్ఫటిక నిర్మాణమే మారుతుంది. ఆ మార్పు దగ్గరపడేకొద్దీ ఉష్ణధారణ నిటారుగా పైకి లేస్తుంది, దానితోపాటే వ్యాకోచ గుణకమూ లేస్తుంది; రెండు వక్రాలనూ ఒకే కాగితం మీద గీస్తే శిఖరాలు ఒకే చోట పడతాయి. అక్కడికి చేరేసరికి క్వార్ట్జ్ ఘనపరిమాణం మొత్తంమీద 4 శాతానికి పైగా పెరిగి ఉంటుంది, గ్రానైట్‌లో పక్కనే ఉన్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పెరిగేది అందులో సగానికి మించదు. గ్రానైట్ పలకల మీద మంట ఆడించి గరుకుదనం తెచ్చే ఫ్లేమ్ ఫినిష్ పనికి ఆధారం ఈ తేడాయే: మంట తగిలిన పైపొరలో క్వార్ట్జ్ రేణువులు పక్కవాటిని నెట్టుకుని చిట్లి పెచ్చులుగా లేస్తాయి. చీమకుర్తి గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అని పిలిచినా, భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతికి చెందినది. బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి, నల్లని మిగతా రాయిలో ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్. క్వార్ట్జ్ దాదాపు లేదు కాబట్టి డిగ్రీకి సాగేది మామూలు గ్రానైట్ కంటే తక్కువ, 573 డిగ్రీల దగ్గర ఎగసిపడే ఖనిజమూ అందులో లేదు. రెండు రాళ్లూ ఘనమీటరుకు తీసుకునే వేడిలో పెద్ద తేడా లేకపోయినా, క్వార్ట్జ్ నిండిన రాళ్లకు నప్పినంతగా మంట పని ఈ రాయికి నప్పకపోవడానికి కారణం అదే.